బండి అమ్మే ముందు మనిషిని అడగండి



ఇంట్లో ఒకరికి పెద్ద జబ్బు అని తెలిసిన కొద్ది రోజులకే ఎవరో ఒకరు ఒక మాట అంటారు. "ఇక ఆ బండి ఎందుకు, అమ్మేస్తే పోలా?" అని. ఆ మాట అన్నవారు చెడ్డవారు కారు. ఖర్చులు కళ్ళకు కనబడుతున్నాయి. బండి వాకిట్లో ఊరికే నిలబడి ఉంది. లెక్క సరిగ్గానే ఉంది. కానీ ఆ లెక్కలో ఇన్నేళ్ళు ఆ బండి నడిపిన మనిషి లేడు.

వార్డులో, ఇళ్ళ సందర్శనలో ఇన్నేళ్ళుగా పనిచేస్తున్న నర్సులుగా ఈ విషయంలో మాకు ఒక గట్టి అభిప్రాయం ఏర్పడింది. అది మీ ముందు పెడుతున్నాము. బండి ఇచ్చేయవలసి రావచ్చు. చాలాసార్లు ఇచ్చేయడమే మంచిది కూడా. అయితే దానిని ఇచ్చేవాడు ఆ రోగే కావాలి. ఆయనకు తెలియకుండా అది గడప దాటకూడదు. ఈ పనిలో ఆయనకు తోడు నిలబడగలిగేది ఎక్కువగా స్నేహితుడే. ఆ స్నేహితుడి పని తాళం చెవి చేతులు మారిన రోజుతో అయిపోదు. అసలు పని ఆ రోజు నుండే మొదలవుతుంది.

ఆ బండి ఆయనకు ఏమిటి?

కూసుమంచి చుట్టుపక్కల బండి అంటే షోకు వస్తువు కాదు. తెల్లవారుజామున కూలీలను మిరప తోటలకు చేర్చే ఆటో, పాలేరు చేపలు అమ్మకానికి తీసుకుపోయే మోపెడ్, ఖమ్మం మార్కెట్టుకు మిర్చి బస్తాలు మోసే ట్రాలీ, అన్నదమ్ములు కలిసి కొన్న ట్రాక్టరు, ఇవీ మన బండ్లు. ఒక్కొక్క బండి వెనుక ఒక అప్పు, ఒక పెళ్ళి, ఒక బిడ్డ చదువు ఉంటాయి.

కొన్ని ఇళ్ళలో ఏ.పి. 20 నంబరు పలక ఉన్న పాత బండ్లు ఇంకా కనిపిస్తాయి. 1970లు, 80లలో బజాజ్ చేతక్ కావాలంటే ముందుగా బుక్ చేసి ఏళ్ళ తరబడి ఎదురు చూడవలసి వచ్చేది. మైసూరులో తయారైన యెజ్డీ 1996లో ఆగిపోయింది. అలాంటి బండిని ముప్ఫై ఏళ్ళు తుడిచి, నూనె పోసి కాపాడుకున్న మనిషికి పాత ఇనుము ధర చెబితే, ఆయన చెవికి అది బండి ధరలాగా వినబడదు. తన బ్రతుక్కి కట్టిన ధరలాగా వినబడుతుంది.

ఆడవారి సంగతి కూడా మరచిపోకూడదు. భర్తనో కొడుకునో అడగకుండా గుడికి, బడికి, బ్యాంకుకు తానే వెళ్ళగలగడం అనే స్వతంత్రం ఎంతోమంది స్త్రీలకు ఒక చిన్న స్కూటీతోనే వచ్చింది. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తరువాత చేయి వాచి హ్యాండిల్ పట్టలేని స్త్రీని "నీకెందుకమ్మా ఇక బండి, మేమున్నాం కదా" అని ఓదారుస్తారు. ఆ మాటలో ప్రేమ ఉంది. కానీ ఆమె పోగొట్టుకున్నది ఏమిటో ఆ మాటకు తెలియదు.

మన దోర్నకల్ బిషప్ అజరయ్య గారు 1912లో బిషప్పు అయినది మొదలు 1945లో ప్రభువు పిలుపు అందుకునే వరకు ఈ ప్రాంతపు ఊళ్ళలో సేవ చేశారు. ఎడ్లబండి మీద, సైకిలు మీద తిరిగి ఊరూరా సంఘాలను చూసుకున్నారని పెద్దలు చెబుతారు. బండి అంటే మనిషి మరో మనిషి దగ్గరకు వెళ్ళే మార్గం. అది చేజారినప్పుడు మనిషి అందరికీ దూరమైపోతానని భయపడతాడు. రోగి బండి విషయంలో మొండికేస్తున్నాడని ఇంటివారు మాతో చెప్పినప్పుడు, ఆ మొండితనం కింద ఈ భయమే మాకు కనబడుతుంది.

చెప్పకుండా అమ్మితే జరిగేది

ఒక ఆటో డ్రైవరు నోటి క్యాన్సర్‌కు కరెంటు పెట్టించుకోవడానికి నెలన్నర హైదరాబాదులో ఉన్నాడు. ఆయన అక్కడ ఉండగానే ఇక్కడ ఆటో అమ్మేశారు. వాయిదాలు ఆగిపోయాయి, ఫైనాన్సు వారు ఇంటికి వస్తున్నారు, ఈ సమయంలో చెప్పి మనసు కష్టపెట్టడం ఎందుకు అనుకున్నారు. ఆయన తిరిగి వచ్చి వేపచెట్టు కింద ఖాళీ చోటు చూశాడు. ఎవరినీ ఏమీ అనలేదు. ఆ రోజు నుండి తిండి తగ్గించాడు, మందులకు ముఖం తిప్పుకున్నాడు. డ్రెస్సింగు చేయడానికి వెళ్ళిన మాతో అన్న మాట ఇది: "సిస్టరమ్మా, నేను చచ్చిపోయానని వాళ్ళు ముందే రాసేసుకున్నారు."

ఆ కుటుంబం చేసిన పని డబ్బు విషయంలో తప్పనిసరే కావచ్చు. అయినా వారు హైదరాబాదు బస్సెక్కి వెళ్ళి, పక్కన కూర్చుని పది నిమిషాలు మాట్లాడి ఉంటే అదే ఆటోను ఆయనే అమ్మి ఉండేవాడు. ఆటో వెళ్ళిపోవడం ఎలాగూ జరిగేదే. కానీ ఆయన యజమానిగా మిగిలేవాడు.

రోగి బాధకు నాలుగు ముఖాలు ఉన్నాయని లోకానికి నేర్పినది ఒక నర్సు. ఇంగ్లండు దేశస్థురాలు సిసిలీ సాండర్స్ మొదట నర్సుగా, తరువాత సోషల్ వర్కర్‌గా పనిచేసి, ఆపైన డాక్టరు చదివారు. 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించారు. శరీరపు నొప్పి, మనసు నొప్పి, కుటుంబం గురించీ డబ్బు గురించీ కలిగే నొప్పి, ఆత్మలో కలిగే నొప్పి, ఈ నాలుగూ కలిస్తేనే రోగి నొప్పి అని ఆమె బోధించారు. బండి విషయం ఈ నాలుగింటినీ తాకుతుంది. మార్ఫిన్ మాత్ర మొదటి దానికే పనిచేస్తుంది. మిగిలిన మూడింటికి మనుషులు కావాలి.

ఆమె జీవితంలోనే మరో సంగతి ఉంది. డేవిడ్ టాస్మా అనే పోలండు దేశపు యూదుడు క్యాన్సర్‌తో 1948లో లండను ఆసుపత్రిలో చనిపోయాడు. ఆయనకు దగ్గర బంధువులు ఎవరూ లేరు. తన దగ్గరున్న 500 పౌన్లు సిసిలీ సాండర్స్‌కు వదిలి, ఆమె కట్టబోయే ఇంట్లో తాను ఒక కిటికీగా ఉంటానని చెప్పాడు. ఆ హాస్పిస్ కట్టినప్పుడు నిజంగానే ఆయన గుర్తుగా ఒక కిటికీ పెట్టారు. సొమ్ము చిన్నదే. కానీ దానిని ఎవరికి, ఎందుకు ఇవ్వాలో ఆయనే నిర్ణయించుకున్నాడు. మన ఊరి రోగికి కూడా ఆ పాటి హక్కు ఉండాలని మేము అంటున్నాము.

తాళం ఎప్పుడు అడగాలి?

కొన్ని సందర్భాలలో ఆలస్యం చేయకూడదు. రోగి రోడ్డు మీదకు వెళితే ఆయన ప్రాణమే కాదు, ఎదురుగా వచ్చే బడిపిల్లల ప్రాణం కూడా ప్రమాదంలో పడుతుంది.

మెదడులో గడ్డ ఉన్నవారికి, మెదడుకు క్యాన్సర్ పాకినవారికి ఏ క్షణంలోనైనా ఫిట్స్ రావచ్చు. కొన్ని రకాల కీమోథెరపీ మందుల వల్ల, అలాగే ఎక్కువ కాలం షుగరు ఉన్నందువల్ల అరికాళ్ళు మొద్దుబారతాయి. బ్రేకు మీద కాలు ఉన్నదో లేదో తెలియదు. ఇన్సులిన్ వాడేవారికి షుగరు ఒక్కసారిగా పడిపోతే చెమటలు పట్టి, చూపు మసకబారి, ఏం చేస్తున్నారో తెలియని స్థితి వస్తుంది. లివరు బాగా చెడినవారికి మతి తికమకగా ఉంటుంది, పగలు నిద్ర ముంచుకొస్తుంది. మార్ఫిన్ వంటి మందులు మొదలుపెట్టిన తొలి రోజుల్లో, మోతాదు పెంచినప్పుడు మగత ఉంటుంది. డయాలసిస్ అయిన రోజున నీరసం, కళ్ళు తిరగడం మామూలే. ఇలాంటి వారు బండి నడపవచ్చో లేదో డాక్టరు గారే చెప్పాలి. శరీరం గాని మనసు గాని సరిగా లేదని తెలిసీ బండి నడపడం మోటారు వాహనాల చట్టం, 1988లోని 186వ సెక్షను ప్రకారం నేరం కూడా.

ఇక్కడ ఒక తేడా గమనించండి. నడపడం మానడం వేరు, బండిని వదులుకోవడం వేరు. మొదటిది వెంటనే జరగాలి. రెండవదానికి సమయం ఇవ్వవచ్చు. "ఈ మందు వాడినన్ని రోజులు నడపవద్దని డాక్టరు చెప్పారు, తాళం అక్క దగ్గర పెడదాం, బండి నీదే" అంటే చాలామంది ఒప్పుకుంటారు. రెండింటినీ కలిపి ఒకే రోజున అడిగితే రెండూ కాదంటారు. కొందరు ప్లగ్గు వైరు పీకి బండి చెడిపోయిందని అబద్ధం చెబుతారు. దయచేసి అలా చేయకండి. ఎన్నో ఏళ్ళుగా ఆ బండి చప్పుడు విన్న మనిషికి అది ఎందుకు స్టార్టు కావడం లేదో ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. ఆ తరువాత మీరు ఇచ్చే మందును కూడా అనుమానంగానే చూస్తాడు.

ఇంకొక హెచ్చరిక. ఎప్పుడూ బండి మాట ఎత్తనివ్వని మనిషి ఒక్కసారిగా బండి, గడియారం, ఫోను అన్నీ పంచిపెట్టేస్తూ ఉంటే, మాటలో నిరాశ ఉంటే, దానిని వైరాగ్యమని మెచ్చుకోకండి. అది ప్రాణం తీసుకోవాలనే ఆలోచనకు గుర్తు కావచ్చు. "చచ్చిపోవాలని అనిపిస్తున్నదా?" అని నేరుగా, మెల్లగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టరుకు గాని నర్సుకు గాని తెలియజేయండి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఎందుకు స్నేహితుడే?

కొడుకు అడిగితే తండ్రికి అది అధికారం చేతులు మారడంలాగా అనిపిస్తుంది. భార్యతో మాట్లాడితే ఆమె ఏడుస్తుందని ఆయన మాటే ఎత్తడు. బ్రోకరుకు బండి తప్ప మనిషి కనబడడు. స్నేహితుడు మాత్రం ఆ బండి వెనుక సీటు మీద కూర్చున్నవాడు. వర్షంలో పంక్చరు పడితే కలిసి నెట్టినవాడు. "బావా, బండి సంగతి ఏం చేద్దాం?" అని అడిగే హక్కు ఆయనకు ఉంటుంది.

అలాంటి స్నేహితులకు మా సలహాలు ఇవి.

మొదట వినండి. మొదటి రోజున అమ్మకం మాట తేవద్దు. బండి ఎప్పుడు కొన్నాడు, మొదటి ప్రయాణం ఎక్కడికి, ఎవరిని ఎక్కించుకున్నాడు, అవి చెప్పనివ్వండి. మీకు తెలిసిన కథలే అయినా మళ్ళీ వినండి. చాలాసార్లు ఆ మాటల చివర రోగే తనంతట తాను, "ఇక ఇది ఎవరికైనా పనికొస్తే బాగుండు" అంటాడు. ఆ మాట ఆయన నోటి నుండి రావడానికి రెండు వారాలు పట్టినా నష్టం లేదు.

తరువాత అడగండి. అమ్మాలా, ఇవ్వాలా, ఉంచాలా? అమ్మితే ఆ డబ్బు దేనికి? ఇస్తే ఎవరికి? గుర్తుగా ఏమి ఉంచుకుంటావు? తాళానికి ఉన్న గొలుసు, పాత ఫొటో, పనిముట్ల సంచి, ఇలా ఒకటి మిగలాలి. ఒక ట్రాక్టరు యజమాని హారన్ విప్పించి మంచం పక్కన పెట్టుకున్నాడు. ఇంట్లోవారు నవ్వుకున్నారు గాని మాకు అది చాలా తెలివైన కోరికగా తోచింది.

మంచం దగ్గర బేరాలు వద్దు. కొనేవాడు వచ్చి గీతలు చూపించి, ఇంజను పొగ చూపించి ధర తగ్గిస్తుంటే ఆ మాటలు రోగి చెవిన పడకూడదు. ధర ముందే రోగితో మాట్లాడుకోండి. బేరం రోడ్డు మీదనో మెకానిక్ షెడ్డులోనో చేయండి. మీరే కొనాలనుకుంటే మరీ జాగ్రత్త. తెలిసిన మెకానిక్కు చేత ధర కట్టించి, ఆయన భార్యాబిడ్డల ఎదుట డబ్బు చెల్లించండి. జబ్బు మనిషి దగ్గర చవకగా కొట్టేశాడన్న మాట స్నేహానికి మచ్చ తెస్తుంది.

ఒక్కసారి కూర్చోబెట్టండి. వీలైతే ఆఖరుసారి ఆ బండి మీద ఆయన్ను తిప్పండి. మీరు నడపండి, ఆయన వెనుక కూర్చుంటాడు. పాలేరు కట్ట వరకో, గుడి వరకో, తన చేను గట్టు వరకో చాలు. అయితే ముందు మమ్మల్ని అడగండి. ఎముకలకు క్యాన్సర్ పాకినవారికి గుంతల రోడ్డు మీద కుదుపుకే ఎముక విరగవచ్చు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే చిన్న దెబ్బకే రక్తం కారుతుంది. అలాంటివారిని వాకిట్లోనే కుర్చీలో కూర్చోబెట్టి, ఇంజను స్టార్టు చేసి ఆ చప్పుడు వినిపించినా సంతోషిస్తారు.

చికిత్స ఖర్చుల కోసమే అమ్ముతున్నట్లయితే, తొందరపడక ముందు ఆరోగ్యశ్రీ సంగతి కనుక్కోండి. 2007లో మొదలైన ఆ పథకం పరిమితి మన రాష్ట్రంలో 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగింది. క్యాన్సర్ చికిత్స, డయాలసిస్ అందులో ఉన్నాయి. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వ ఆసుపత్రి. ఈ దారులు చూడకుండా జీవనాధారమైన ఆటోను సగం ధరకు అమ్మి, ఆ డబ్బు నెలలో ఖర్చయిపోయి, తరువాత ఇంటికి సంపాదన లేక కూర్చున్న కుటుంబాలను మేము చూశాము.

కాగితాలు బ్రతికి ఉండగానే

ఈ మాట కఠినంగా వినబడవచ్చు. కానీ ప్రేమ ఉన్నవారే ఈ పని చేయాలి. సంతకం పెట్టే శక్తి, తెలివిగా ఆలోచించే మనసు ఉన్నప్పుడే బండి కాగితాలు పూర్తి చేయండి.

బండి అమ్మినా, ఉచితంగా ఇచ్చినా పేరు మార్పించాలి. దానికి రవాణా శాఖలో 29, 30 నంబరు ఫారాలు ఉన్నాయి. అదే రాష్ట్రంలో అయితే ఇచ్చినవారు 14 రోజుల లోపు, తీసుకున్నవారు 30 రోజుల లోపు తెలియజేయాలని చట్టంలోని 50వ సెక్షను చెబుతుంది. ఇన్సూరెన్సును తన పేరుకు మార్పించుకోవడానికి తీసుకున్నవారికి 14 రోజుల గడువు. బండి మీద అప్పు ఉంటే, అది తీరినట్లు ఫైనాన్సు వారి కాగితంతో పాటు 35వ నంబరు ఫారం ఇచ్చి ఆర్.సి. లో నుండి ఆ పేరు తీయించాలి.

మన దగ్గర చాలామంది డబ్బు తీసుకుని, ఖాళీ ఫారం మీద సంతకం పెట్టి ఇచ్చి ఊరుకుంటారు. ఇది ప్రమాదం. 2018లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో కారు ఒకరి నుండి ఒకరికి చేతులు మారింది, కానీ పేరు మాత్రం మొదటి యజమానిదే ఉన్నది. ఆ కారు వల్ల జరిగిన ప్రమాదానికి నష్టపరిహారం భారం రికార్డులో పేరున్న యజమాని మీదనే ఉంటుందని కోర్టు తీర్పు చెప్పింది. భర్త పోయిన దుఃఖంలో ఉన్న స్త్రీ ఇంటికి, ఎప్పుడో అమ్మిన బండి తాలూకు నోటీసు రావడం ఎంత భారమో ఆలోచించండి.

యజమాని చనిపోయిన తరువాత కూడా దారి ఉంది. వారసులు 30 రోజుల లోపు రవాణా కార్యాలయానికి తెలియజేసి, మూడు నెలల లోపు 31వ నంబరు ఫారంతో తమ పేరుకు మార్చుకోవాలి. అయితే మరణ ధ్రువపత్రం, వారసుల కాగితాలు, అన్నదమ్ముల ఒప్పుదల, ఇన్ని పనులు ఏడుపు ఆరకముందే నెత్తిన పడతాయి. అందుకే కేంద్ర మోటారు వాహన నియమాలను 2021లో సవరించి, ఆర్.సి. లో నామినీ పేరు చేర్చుకునే వీలు కల్పించారు. బండిని ఆఖరు వరకు తన పేరుననే ఉంచుకోవాలని రోగి కోరితే, నామినీ పేరు చేర్పించడం మంచి మార్గం. ఆయన కోరికా నిలుస్తుంది, ఇంటివారికి చిక్కూ ఉండదు.

మతి స్థిమితం లేనప్పుడు, మగతలో ఉన్నప్పుడు సంతకం గాని వేలిముద్ర గాని తీసుకోవద్దు. వార్డులో రాత్రిపూట అలాంటి ప్రయత్నాలను మా స్టాఫ్ నర్సులు ఆపవలసి వచ్చింది. బంధువులు మా మీద కోపగించుకున్నారు. అయినా మేము మళ్ళీ ఆపుతాము.

కొందరు అడిగే ప్రశ్నలు

"ప్రాణం పోయేటప్పుడు బండి మీద మోజు ఏమిటి? ప్రభువు మీద మనసు పెట్టుకోవాలి గదా" అని విశ్వాసులు కొందరు అంటారు. వారికి మా మనవి ఒకటి. తిమోతికి రాసిన రెండవ పత్రిక చివరి అధ్యాయం చూడండి. పౌలు తన పరుగు ముగిసిందని రాస్తున్నాడు. అదే అధ్యాయంలో, త్రోయలో కర్పు దగ్గర వదిలి వచ్చిన అంగీని, పుస్తకాలను తెమ్మని తిమోతిని అడుగుతున్నాడు. అంత విశ్వాస వీరుడికి కూడా మరణం ఎదుట తన అంగీ జ్ఞాపకం వచ్చింది. పరిశుద్ధ గ్రంథం ఆ మాటను దాచలేదు. ఆయనను తప్పు పట్టనూ లేదు. మన రోగి తన మోపెడ్‌ను తలచుకుంటే మనం తప్పు పట్టడం ఎందుకు?

"బండి ఉంటే బ్రతుకుతాననే ఆశ ఉంటుంది, తీసివేస్తే కుంగిపోతాడు" అని ఇంకొందరు అంటారు. ఇందులో నిజం ఉంది. ఇంటికి భారం కానప్పుడు, వాయిదాలు లేనప్పుడు ఉంచండి. వారానికి ఒకసారి తుడిచి స్టార్టు చేసి పెట్టండి. అందరూ బండి ఇచ్చేయాలని మేము చెప్పడం లేదు. ఇవ్వడమో ఉంచడమో ఆయన నిర్ణయం కావాలని చెబుతున్నాము. నిజం దాచి నిలబెట్టిన ఆశ మంచం పట్టిన నాడు కూలిపోతుంది. "నేను పోయినా నా ఆటో ఫలానా తమ్ముడి ఇంటికి అన్నం పెడుతుంది" అనే ఆశ ఆ తరువాత కూడా మిగులుతుంది.

తాళం తీసుకున్న చేయి

ఇక మేము అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచిన మాట. బండి ఇచ్చేసిన మర్నాటి నుండి ఆ మనిషి ఆదివారం గుడికి ఎలా వస్తాడు? సెంటరులో టీ హోటలు దగ్గర నలుగురితో ఎలా కూర్చుంటాడు? కీమో రోజున ఖమ్మం ఎలా వెళతాడు? ఎవరూ ఆలోచించరు. బండి ఉన్నప్పుడు ఊరంతా తిరిగిన మనిషి నెల రోజులకే నాలుగు గోడల మధ్య మిగిలిపోతాడు. మా ఇళ్ళ సందర్శనలో నొప్పి కన్నా ఎక్కువగా వినే ఫిర్యాదు ఇదే: "ఎవరూ రావడం లేదమ్మా."

కాబట్టి తాళం తీసుకున్న చేయి ఆయన రాకపోకల బాధ్యత కూడా తీసుకోవాలి. బండి పుచ్చుకున్నవాడు వారానికి ఒక్కసారైనా అదే బండి మీద వచ్చి కనబడాలి. సంఘంలోని యవ్వనస్థులు వంతులు వేసుకుని, ఒకరు ఆదివారం ఆరాధనకు, ఒకరు ఆసుపత్రికి, ఒకరు ఊరికే సాయంత్రం కబుర్లకు తీసుకువెళ్ళాలి. దీనికి చందాలు అవసరం లేదు. ఒక కాగితం మీద నాలుగు పేర్లు, నాలుగు వారాలు రాసి గుడి తలుపుకు అంటిస్తే చాలు.

పాస్టరు గారలకు కూడా ఒక విన్నపము. కొత్త బండి కొన్నప్పుడు మిమ్మల్ని పిలిచి ప్రార్థన చేయిస్తాము. మన హిందూ సోదరులు పూజ చేయించి చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. రావడానికి ఇంత వేడుక ఉంది. వెళ్ళిపోవడానికి ఏమీ లేదు. ఎవరైనా జబ్బుతో బండి ఇచ్చేస్తుంటే ఆ రోజు కూడా మీరు రండి. ఆ బండి మోసిన మనుషుల కోసం, తెచ్చిన తిండి కోసం, తప్పించిన ప్రమాదాల కోసం దేవునికి కృతజ్ఞత చెల్లించండి. ఆ తరువాత రోగి చేతితోనే తాళం చెవి ఇప్పించండి. పది నిమిషాల పని. కానీ ఆ రోజున ఆయన పోగొట్టుకున్నవాడు కాడు, ఇచ్చినవాడు అవుతాడు. ఏలీయా తన దుప్పటిని ఎలీషాకు విడిచి వెళ్ళాడు. అది చేతికి వచ్చాక యొర్దాను దాటవలసిన పని ఎలీషాదే అయింది.

మా ఆసుపత్రిలో కూడా ఒక పద్ధతి ఉండాలని మా అభిప్రాయం. పెద్ద జబ్బు ఉన్నవారు చేరినప్పుడు బి.పి., బరువు రాసే కేసు షీటులోనే, "బండి నడుపుతారా? ఇప్పుడు అది ఎవరు చూస్తున్నారు?" అని ఒక ప్రశ్న ఉండాలి. ఆ ఒక్క ప్రశ్నతో ప్రమాదం సంగతి తెలుస్తుంది, సంపాదన సంగతి తెలుస్తుంది, మనసు సంగతి కూడా తెలుస్తుంది.

ప్రియ పాఠకులారా, మీకు తెలిసిన ఏ ఇంటి వాకిట్లోనైనా దుమ్ము పట్టిన బండి ఒకటి నిలిచి ఉన్నదేమో గుర్తు చేసుకోండి. ఈ వారం ఆ ఇంటికి వెళ్ళండి. బండి ధర అడగవద్దు. దాని మీద ఎక్కడెక్కడికి తిరిగారో అడగండి. మిగిలిన మాటలు వాటంతట అవే వస్తాయి. రోగులను దర్శించువారిని ప్రభువు దీవించును గాక.